చెంబెడు నీళ్లు, నాలుగు పాటల సేపు

నా ఎడమచేతి చిటికెన వేలు నిటారుగా నిలబడదు. దండం పెడితే మిగతా తొమ్మిది వేళ్లూ దేవుడి వైపు చూస్తాయి, అదొక్కటి వంగి నా వైపు చూస్తుంది.

ఏడేళ్ల వయసులో జరిగిన సంగతి. నెల్లూరు జిల్లా సీతారామపురంలో మా ఇంటి వెనక వసారాలో కట్టెల పొయ్యి పక్కన అమ్మ అన్నం వారుస్తోంది. కాళ్లకు అడ్డంపడిన పిల్లి తోక పట్టుకోబోయి గంజిగిన్నె మీద పడ్డాను. ఎడమ చెయ్యి మణికట్టు దాకా మునిగింది. అమ్మ ఒక్క అంగలో తొట్టి దగ్గరికి పోయి చెంబు ముంచింది. చెంబు నా చేతి మీదికి వంగింది. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి అవ్వ కేక: "నీళ్లు పొయ్యబాకమ్మే, బొబ్బలెక్కుతాయి!"

చెంబు గాల్లోనే ఆగిపోయింది. మా అన్న ఇంకు సీసా వచ్చింది. చెయ్యంతా నీలంగా చేసి, పాత పంచె చించి, అయిదు వేళ్లూ కలిపి మూటలాగ కట్టేశారు. అవ్వకు నేనంటే ప్రాణం. ఆ రాత్రంతా విసనకర్రతో విసురుతూ కూర్చుంది. ఆమెను తప్పుపట్టడానికి ఇది రాయడంలేదు. గాల్లో ఆగిన ఆ చెంబు ఇంకా చాలా ఇళ్లలో ఆగుతూనే ఉంది, దాని కోసం రాస్తున్నాను.

అన్నం వండేవాళ్లెవరికైనా తెలిసిన సంగతే. గిన్నె పొయ్యి మీంచి దించినంత మాత్రాన అన్నం ఉడకడం ఆగదు. మూతపెట్టి కాసేపు మగ్గనిస్తాం, లోపలి వేడికే అది మెత్తబడుతుంది. కాలిన ఒళ్లూ అంతే. నిప్పు తీసేసినా, గంజి తుడిచేసినా, చర్మంలో చేరిన వేడి కిందికి దిగుతూ లోపలి కండను మగ్గబెడుతూనే ఉంటుంది. ఆ వేడిని బయటికి లాగాలంటే పారే చల్లటి నీళ్లకు మించింది లేదు. టూత్‌పేస్టో వెన్నో ఇడ్లీ పిండో పూయడమంటే మగ్గే గిన్నె మీద మూత పెట్టడమే.

ఎంతసేపు పొయ్యాలి? 20 నిమిషాలు. వైద్యులు ఇవాళ చెప్పే లెక్క ఇది. ఇరవై నిమిషాలంటే మనమనుకునే దానికంటే చాలా ఎక్కువ. చాలామంది రెండు చెంబులు పోసి 'చల్లబడిందిలే' అని లేస్తారు. నాలుగైదు సినిమా పాటలు పూర్తిగా వినేంత సేపది, లేదా ప్రకటనలు తీసేస్తే ఒక టీవీ సీరియల్ భాగం. వెంటనే పోస్తే మంచిది, కుదరకపోతే కాలిన మూడు గంటల లోపు పోసినా మేలే. పొలంలోనో దారిలోనో కాలి, నీళ్లు దొరకడానికి గంట పట్టినా 'ఇంకేం లాభం' అనుకోవద్దు.

ఐసు ముక్క మాత్రం పెట్టొద్దు. అది రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, కాలిన చర్మాన్ని ఇంకోరకంగా చంపుతుంది. కుండనీళ్ల చల్లదనం చాలు.

ఇక్కడ మా ప్రాంతపు చిక్కు ఒకటుంది. పట్నంలో రాసే పుస్తకాలు 'కుళాయి కింద పెట్టండి' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. వెలిగొండల కింద, ఉదయగిరి, సీతారామపురం పల్లెల్లో ఎండాకాలం కుళాయి తిప్పితే ముందు వచ్చేది గాలి. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే ఊళ్లో, ఇరవై నిమిషాలు నీళ్లు పారబొయ్యమంటే ఏ అవ్వ ఒప్పుకుంటుంది? కుళాయిలో నీళ్లున్నా ఇంకో ఆపద. రోహిణీ కార్తెలో మిద్దె మీది నల్ల ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి కాగు నీళ్లలా ఉంటాయి. ఆ నీళ్లను కాలిన చేతి మీద పోస్తే పుండు మీద కారమే. ముందు మీ మంచి చేతి మీద పోసి చూసుకోండి, చల్లటివి వచ్చేదాకా వదిలెయ్యండి.

లెక్క చేసి చూద్దాం. లీటరు పట్టే చెంబును సన్నటి ధారగా పోస్తే అర నిమిషం వస్తుంది. ఇరవై నిమిషాలకు నలభై చెంబులు. అంటే మూడు బిందెల లోపే. ఆ మూడు బిందెలూ లేవా? కడిగిన టబ్బు కింద పెట్టండి, పోసిన నీళ్లు అందులోకి జారతాయి, మళ్లీ ముంచి పొయ్యండి. వెచ్చబడ్డాయనిపిస్తే ఒక చెంబెడు కొత్తవి కలపండి. ఒక్క బిందెతో పని జరుగుతుంది. బిందె కూడా లేని చోట, ఉతికిన నూలు గుడ్డ తడిపి వేసి, అది వెచ్చబడగానే మళ్లీ తడపాలి. తడిగుడ్డ ఒకసారి వేసి మరిచిపోతే అదీ మూతే అవుతుంది.

సరే, బొబ్బల మాటేమిటి? అవ్వ మాట ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టం కాదు. బొబ్బ కాలిన వెంటనే రాదు, కాసేపటికి లేస్తుంది. ఈలోగా ఎవరో నీళ్లు పోసి ఉంటారు. బొబ్బ గిల్లితే నీళ్లే కారతాయి. చూసేవాళ్లకు లెక్క కుదిరిపోయింది: పోసిన నీళ్లే లోపలికి దిగి బొబ్బ అయ్యాయి! నిజానికి ఆ నీరు మన ఒంట్లోదే, కాలిన చోటికి ఊరి చేరింది. బొబ్బ వచ్చేదీ రానిదీ వేడి ఎంత లోతుకు పోయిందన్న దాన్నిబట్టి ఉంటుంది. నీళ్లు పోస్తే ఆ లోతు తగ్గుతుంది. లేచిన బొబ్బను చిదమొద్దు, కింది పచ్చి చర్మానికి అదే పైకప్పు.

ఇంకు, పసుపు, పేడ, బురద, కోడిగుడ్డు సొన, కాఫీపొడి. ఒక్కో ఇంటికి ఒక్కో వైద్యం. వీటిలో కొన్ని మురికిని లోపలికి తీసుకెళ్తాయి, కొన్ని ఊరికే అంటుకుంటాయి. ఇంకు, పసుపు చేసే అన్యాయం వేరు. కాలిన చర్మం ఎర్రగా ఉందా, తెల్లగా పాలిపోయిందా, నల్లబడిందా అనే రంగును బట్టే డాక్టరు లోతు అంచనా వేస్తాడు. రంగు పులిమితే ఆయన కళ్లకు గంతలు కట్టినట్టే. ముందు దాన్ని కడగాలి. కాలిన చోట రుద్ది కడిగితే పిల్లవాడి ఏడుపు ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ గుర్తుంది, ఆ ఏడ్చింది నేనే కాబట్టి.

నీళ్లు పోస్తూనే చెయ్యాల్సిన పని ఇంకోటుంది. ఉంగరాలు, గాజులు, మొలతాడు, పట్టీలు తీసెయ్యండి. గంటలో ఒళ్లు ఉబ్బుతుంది, తరవాత ఉంగరం రాదు, రక్తం ఆడదు. బట్ట ఒంటికి అంటుకుపోతే పీకొద్దు, చుట్టూ కత్తిరించండి. పెద్ద ఎత్తున కాలినప్పుడు, ముఖ్యంగా పసిపిల్లలకు, ఒళ్లంతా నీళ్లలో ముంచితే చలికి ప్రాణం మీదికొస్తుంది. కాలిన చోటు చల్లబడాలి, మనిషి వెచ్చగా ఉండాలి. నీళ్లయ్యాక ఉతికిన పంచెనో నూలు చీరనో పలచగా కప్పండి. నా చేతికి చేసినట్టు వేళ్లన్నీ కలిపి కట్టకండి, వేలికీ వేలికీ మధ్య గుడ్డ ఉండాలి.

ఆసుపత్రికి ఎప్పుడు? కాలినవాళ్ల అరచేయి, వేళ్లతో సహా, వాళ్ల ఒంట్లో దాదాపు నూటికి ఒక వంతు. పిల్లవాడికైతే పిల్లవాడి చెయ్యే కొలత. ఒక అరచేతికి మించి బొబ్బలెక్కితే పోవాలి. ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల దగ్గర కాలితే ఎంత చిన్నదైనా పోవాలి. కరెంటు కాటైతే బయట చిన్న మచ్చే కనపడినా పోవాలి, లోపల ఎంత కాలిందో పైకి తెలియదు. అన్నిటికంటే మోసం చేసేది నొప్పి లేని గాయం. తెల్లగానో తోలులానో గట్టిపడి నొప్పి తెలియకపోతే 'తగ్గిందిలే' అనుకుంటారు. నరాలు కూడా కాలిపోయాయని దాని అర్థం.

108 బండి మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. సీతారామపురం నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లు దాటే ఉంటుంది. ఆ దూరం మనం తగ్గించలేం. బండి వచ్చేలోపు ఇరవై నిమిషాలు మాత్రం మన చేతిలోవి. ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద కాలిన గాయాల చికిత్స కూడా ఉంది. బయల్దేరేటప్పుడు కార్డు, ఆధార్ ఒక సంచిలో వేసుకోండి, వెనక్కి ఇంకో మనిషిని తరిమే పని ఉండదు.

గాయం మానేటప్పుడు జరిగే నష్టం గురించి మన దగ్గర ఎవరూ చెప్పరు. కాలిన చర్మం మానుతూ ముడుచుకుంటుంది. ఎలా పడుకుంటే హాయిగా ఉంటుందో ఆ భంగిమలోనే అది బిగుసుకుపోతుంది. మెడ కాలినవాళ్లకు ప్రేమతో తలగడ పెడితే గడ్డం గుండెకు అతుక్కుపోతుంది. మోచెయ్యి మడిచి పెట్టుకుంటే మడతలోనే ఉండిపోతుంది. నా చిటికెన వేలు అలా వంగిందే. మెడ కాలితే తలగడ తీసెయ్యాలి. కీళ్లు చాపి ఉంచాలి, డాక్టరు చెప్పిన వ్యాయామం ఏడ్చుకుంటూనైనా నెలల తరబడి చెయ్యాలి. ఈ ఒక్క సంగతి తెలియక పెళ్లిళ్లు ఆగిపోయిన ఆడపిల్లలున్నారు, పలుగు పట్టలేక కూలి పోగొట్టుకున్న మగవాళ్లున్నారు.

అసలు కాలకుండా చూసుకోవడం గురించి ముందే చెప్పాల్సింది. కాలాకే అందరూ చదువుతారని వెనక పెట్టాను.

మంటలంటే మనకు గుర్తొచ్చేవి పెద్దవి. 2012 జులై 30 తెల్లవారుజామున నెల్లూరు దగ్గర తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎస్-11 బోగీ తగలబడి ముప్పైమంది దాకా పోయారు. మరుసటేడు అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సులో 45 మంది. 2025 అక్టోబరులో కర్నూలు పక్కన ఇంకో బస్సు. ఇవి పేపర్లో మొదటి పేజీకెక్కాయి. గంజి, సాంబారు, బకెట్ నీళ్లు జిల్లా పేజీకైనా ఎక్కవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన కాలిన గాయాలతో ఏటా లక్షా ఎనభై వేల మంది చనిపోతున్నారు. మన దేశంలో ఏటా పదిలక్షల మందికి పైగా ఒక మోస్తరుగానో తీవ్రంగానో కాలుతున్నారు. ఆడవాళ్లు, పిల్లలు ఎక్కువగా కాలేది వంటింట్లో.

స్నానాల బకెట్‌తో మొదలుపెడదాం. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని అయిదు సెకన్లలో లోతుగా కాలుస్తాయి, పిల్లల చర్మం పలచన కాబట్టి ఇంకా త్వరగా. మనం ముందు కాగు నీళ్లు పోసి, తరవాత చన్నీళ్లకు వెళ్తాం. ఆ మధ్యలో పాకే బిడ్డ బకెట్ అంచు పట్టుకుని లేస్తుంది. వరస మార్చండి: ముందు చన్నీళ్లు, వాటి మీద వేన్నీళ్లు. పైసా ఖర్చు లేదు. మోచెయ్యి ముంచి చూశాకే బిడ్డను కూర్చోబెట్టండి.

తరవాత గుండిగ. పెళ్లిలో, తిరనాళ్లలో, బడిలో, సాంబారు గుండిగ నేల మీద ఉంటుంది, పిల్లవాడి నడుం ఎత్తులో. 2019 నవంబరులో కర్నూలు జిల్లా పాణ్యంలో ఒక ప్రైవేటు బడిలో యూకేజీ చదివే పిల్లవాడు అన్నానికి వరసలో వస్తూ వేడి సాంబారు గిన్నెలో పడి చనిపోయాడు. సాంబారు నీళ్లలాంటిది కాదు, పప్పు, నూనె ఒంటికి అంటుకుని వేడిని వదలవు. గుండిగ దించిన చోట చుట్టూ నాలుగు బెంచీలు అడ్డం పెట్టి ఒక మనిషిని నిలబెట్టడం పెద్ద పని కాదు. వడ్డన వరసలో పిల్లలు గుండిగ దగ్గరికి రాకూడదు, బకెట్లు వాళ్ల దగ్గరికి పోవాలి. ఘటిక సిద్ధేశ్వరం గుడిలో అన్నదానానికి పోయినా నా కళ్లు ముందు గుండిగ ఎక్కడుందో వెతుకుతాయి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీండి.

గ్యాసు గురించి చాలామందికి తెలియంది ఒకటే: అది గాలికంటే బరువు. కారితే పైకి పోదు, నీళ్లలా నేల మీద పరుచుకుని మూలల్లో, గడప దగ్గర మడుగు కడుతుంది. పొయ్యి నేలమీద, బండ దాని పక్కన పెట్టుకుని వండే ఇళ్లు మా వైపు ఇంకా ఉన్నాయి. పొయ్యి బండకంటే ఎత్తులో ఉండాలి. గ్యాసుకు సొంత వాసన లేదు, కారితే తెలియాలని కుళ్లిన వాసన వచ్చే మందు కలుపుతారు. ఆ వాసన వస్తే స్విచ్ వెయ్యొద్దు, ఉన్నదాన్ని ఆపొద్దు కూడా, రెండింట్లోనూ నిప్పురవ్వ పుడుతుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చెయ్యండి. పైపు మీద తేదీ ఉంటుంది, అయిదేళ్లు దాటితే మార్చాలి. బండ మెడ దగ్గర లోపలివైపు రాసిన అక్షరం, అంకె చూడటం నేర్చుకోండి. బి-27 అంటే 2027 జూన్ లోపు దానికి మళ్లీ పరీక్ష జరగాలని. గడువు దాటిందైతే తెచ్చిన కుర్రాడికి అక్కడే తిప్పి ఇచ్చెయ్యండి.

కిరసనాయిలు బుడ్డి పోయింది, దాని చోట పెట్రోలు సీసా వచ్చింది. శ్రీలంకలో విజయ గోడకుంబుర అనే సర్జన్ బుడ్డి దీపాలు పడి కాలినవాళ్లకు చికిత్స చేసి చేసి, చివరికి దీపాన్నే మార్చాడు. పొట్టిగా, బరువుగా, పడినా దొర్లకుండా రెండు వైపులా చదునుగా, మరమూతతో గాజు దీపం చేశాడు. దానికి 1998లో రోలెక్స్ అవార్డు వచ్చింది. గాయాన్ని కుట్టడంతో ఆగకుండా గాయం చేసే వస్తువు దాకా పోయిన మనిషి. మన చిల్లర కొట్లో నీళ్ల సీసాలో అమ్మే పెట్రోలు గురించి అలా ఆలోచించేవాళ్లెవరూ ఇంకా కనపడలేదు. ఆ సీసా వంటింటి అటక మీద ఉండకూడదు. తడి కట్టె అంటుకోలేదని దాని మీద ఒలకబొయ్యకూడదు. మంట ధారను పట్టుకుని సీసాలోకి ఎక్కుతుంది.

కలిగిరి, డీసీ పల్లి వైపు పొగాకు బ్యారన్లలో పనిచేసేవాళ్లకు, చిల్లకంప కాల్చి బొగ్గు చేసేవాళ్లకు వేరే జాగ్రత్తలున్నాయి. బొగ్గుబట్టీ మీద మట్టి చల్లగా కనపడుతుంది, అడుగేస్తే కూరుకుపోతుంది. చెప్పుల్లేకుండా, ఒంటరిగా దాని మీదికి ఎక్కొద్దు. బ్యారన్‌లో వేడిగొట్టం మీద ఆకు రాలితే అంటుకుంటుంది, గొట్టాల మీద ఇనుప వల ఉందో లేదో పొయ్యి వెలిగించక ముందే చూసుకోవాలి. కార్తీక దీపాలప్పుడు పాలియెస్టర్ చీర కొంగు నడుముకు దోపుకోండి. కాకరపువ్వొత్తి కాలాక ఆ కమ్మీని నీళ్ల బకెట్లో వెయ్యండి, పిల్లల పాదాలు దాన్ని వెతుక్కుంటూ పోతాయి.

బట్టలంటుకుంటే మనిషి పరుగెత్తుతాడు, గాలికి మంట లేస్తుంది. పడేసి పొర్లించాలి. మంట మీద కప్పడానికి మన బొంత పుట్టినట్టే ఉంటుంది, మందంగా, నూలుతో. నైలాన్ రగ్గు కప్పితే అదీ కరిగి అంటుకుంటుంది.

ఈ జాగ్రత్తలేవీ ఆపలేని మంట ఒకటుంది. 'స్టవ్ పేలింది' అన్న మాట వెనక ఎన్నిళ్లలో ఏం జరిగిందో ఊరికి తెలుసు, ఊరు మాట్లాడదు. వరకట్న మరణానికి 1986లో 304-బి సెక్షను వచ్చింది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షను. పక్కింటి పిల్ల మాటలు తగ్గించినప్పుడు, చేతుల మీద వాతలు కనపడ్డప్పుడు, 'ఏమ్మా' అని అడగడానికి సెక్షను అక్కర్లేదు. మహిళా హెల్ప్‌లైన్ 181.

ఇదంతా చదివాక మీకు తెలుస్తుంది. తెలిస్తే చాలదని నా అనుభవం. అమ్మకు ఆ రోజు తెలియకే చెంబు ముంచిందా? ఆమె చేతికి తెలుసు, కేక వినగానే మనసు వెనక్కి లాగింది. కాలిన మొదటి నిమిషంలో ఆలోచన పనిచెయ్యదు, అలవాటున్న చెయ్యే పనిచేస్తుంది. అందుకే చేతికి నేర్పాలి, పదిమంది ముందు నేర్పాలి, రేపు కేక వేసే అవ్వ కూడా అక్కడే ఉండగా.

దానికి మన జిల్లాలో దారి ఉంది. అక్షరాస్యత చదువుల్లో 'సీతమ్మ కథ' అనే పాఠం చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వాళ్లలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. దాని వెనకే పొదుపు సంఘాలు. గోడ మీది పోస్టరుతో రాలేదు అదంతా, కూర్చుని ఒకరికొకరు చెప్పుకుంటే వచ్చింది. పొదుపు మీటింగ్ ఇప్పటికీ జరుగుతోంది. పుస్తకాల్లో సంతకాలయ్యాక పావుగంట మిగులుతుంది.

మొన్న ఎండాకాలం అలాంటి ఒక మీటింగ్‌లో కూర్చున్నాను. ఒక పిల్ల చెయ్యి చాపింది, గంజి పడినట్టు. కింద టబ్బు, పక్కన బిందె. ఫోన్‌లో పాటలు పెట్టి ఒకామె చెంబుతో పోస్తోంది. రెండో పాటకే అందరికీ విసుగొచ్చింది. 'ఇంకా ఎంతసేపుమే' అన్నారు. అదే తెలియాలని చేసింది. మూడో పాటకు చేతులు మారాయి. గాజులు తియ్యాలని ఒకరికి గుర్తొచ్చింది, గుడ్డ ఏదని ఇంకొకరు లేచారు. మూలన కూర్చున్న ముసలామె మాత్రం మొదట్నుంచీ మూతి ముడుచుకునే ఉంది. బొబ్బల మాట ఎత్తుతుందని ఎదురుచూశాను. నాలుగో పాట అయిపోయి, పిల్ల చెయ్యి దులుపుకుని లేచి, టబ్బు వంచబోయింది.

"ఆ నీళ్లు పారబొయ్యబాకండి" అంది ముసలామె కర్ర ఊతంగా లేస్తూ. "నా బర్రెకు పెడతా."